మా ఆయన పంపిన శాంపిలు

మా బావగారు, అంటే మా ఆయన సొంత అన్న, పేగు క్యాన్సరుతో పోయారు. తెలిసేటప్పటికే ముదిరిపోయింది. అప్పటినుంచి చీరాలలో టీచరు ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి వాళ్ళ నాన్న పేగు గురించే బెంగ. కెమెరా గొట్టం వేయించుకుని చూపించుకోమంటే ఆయన వినడు, నాకేం రోగం అంటాడు. ఆఖరికి ఇంటికే ఒక డబ్బా తెప్పించింది. గొట్టాలూ లేవు, సూదులూ లేవు. దొడ్డికి వెళ్ళినప్పుడు కాస్త తీసి సీసాలో వేసి పంపితే చాలంట. లోపల గడ్డ ఏదన్నా లేస్తుంటే దాని పొట్టు మలంలో రాలుతుందంట. అందులో డీఎన్ఏ అనేదాన్ని చూసి ముందే పట్టేస్తారంట.

మా ఆయన ఆ డబ్బాని తేలుని చూసినట్టు చూశాడు. పశువుల పేడ రెండు చేతులా ఎత్తి మిరపచేలో చల్లిన మనిషి. పురుగుమందు ఒట్టి చేత్తో కలిపే మనిషి. అలాంటాయనకి తనది తను పుల్లతో తీయడానికి పరువు అడ్డమొచ్చింది. పరువని ఆయనన్నాడు. నేనైతే భయమనే అంటాను, ఏం బయటపడుతుందోనని.

కొరియరు మనిషి వచ్చే రోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, నీది వేసి పంపించు."

"నాదెందుకండీ? పరీక్ష మీక్కదా."

"శాంపిలంటే మంచి సరుకే చూపించాలి. నీ కడుపు రాళ్ళు తిన్నా అరిగించుద్ది."

మిరపకాయల యార్డులో ఆయన చేసేదే ఇది. రంగు పోయిన తాలుకాయలు బస్తా అడుక్కి తోసి, ఎర్రగా నిగనిగలాడేవి పైన పేరుస్తాడు. కొనేవాడు పైనుంచి గుప్పెడు తీసి చూసుకుని ధర చెబుతాడు కదా. పేగుని కూడా బస్తానే అనుకున్నాడు. అవతల కోతకి కూలీలు వచ్చి కూర్చున్నారు, ఇవతల అమ్మాయి ఫోను మీద ఫోను. సరేనని నాదే వేసి, ఆయన పేరు అంటించి పంపాము. డీఎన్ఏ చూస్తారంట గానీ, ఆడదానిదా మగాడిదా అని ఎవరూ అడగలేదు.

ఫలితం అమ్మాయి ఫోనుకి వచ్చింది. తేడా ఉంది, క్యాన్సరని ఇప్పుడే చెప్పలేము, గొట్టం వేసి చూడాల్సిందేనని. అది ఏడుస్తూ చెబుతుంటే మా ఆయన మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. కాసేపటికి గుర్తొచ్చింది. నావైపు చూశాడు. మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నేను చూడలేదు.

ఫోను పెట్టేశాక, "ఇప్పుడే చెప్పమాక, పిల్ల ముందు పరువు పోద్ది. నెమ్మదిగా చూద్దాం" అన్నాడు. నెమ్మదిగా చూడాల్సింది నా పేగుని.

సాయంత్రానికి చర్చికంతా తెలిసిపోయింది. బత్తాయిలొచ్చాయి, హార్లిక్సు సీసా వచ్చింది. అంత ఎండాకాలంలో మా ఆయన దుప్పటి కప్పుకుని పడుకుని, "అంతా దేవుడి చిత్తం" అని సన్నగా మూలుగుతున్నాడు. రోగమున్నదాన్ని నేనేమో అందరికీ టీ కాచి పోస్తున్నాను. అమ్మాయి బస్సు దిగి వచ్చి వాళ్ళ నాన్న కాళ్ళ దగ్గర కూర్చుంది. సంఘం అయ్యగారు ఆయన పొట్ట మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఈ బిడ్డ పేగుని ముట్టు తండ్రీ అని మొదలుపెట్టారు.

ఉన్న ప్రార్థనంతా ఆయన పేగుకే పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. భయం కూడా వేసింది. బావగారు ఎలా పోయారో దగ్గరుండి చూసినదాన్ని.

"అయ్యగారూ, ఆ చెయ్యి తీసి నా తల మీద పెట్టండి. పరీక్షకి పంపింది నాది" అన్నాను.

అయ్యగారు ఒక కన్ను తెరిచారు. మా అమ్మాయి దుప్పటి లాగేసింది.

"ఏంది నాన్నా ఇది? అమ్మ చెప్పకపోతే నీకు గొట్టం వేసి, ఏమీ లేదని ఇంటికి పంపేవాళ్ళు. అమ్మ సంగతేంటి అప్పుడు?"

మా ఆయన దుప్పటి మళ్ళీ మీదికి లాక్కున్నాడు.

గుంటూరు తీసుకెళ్ళి నాకు గొట్టం వేయించారు. ముందురోజు పేగులు కడగడానికి తాగించిన నీళ్ళ సంగతి పగవాళ్ళకి కూడా చెప్పను. లోపల చిక్కుడు గింజంత కండ దొరికింది. ఆ గొట్టంలోంచే కోసి తీసేశారు. ఇంకా చెడిపోలేదు, వదిలేసి ఉంటే క్యాన్సరయ్యేదే అన్నాడు డాక్టరు.

అప్పటినుంచి మా ఆయన మాట మారింది. "నేను గనక నాది పంపి ఉంటే దీని సంగతి ఎవరికి తెలిసేది? దీన్ని బతికించింది నేనే" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. కాదనడానికి లేదు, అదే నా మంట.

ఆయన పేగు సంగతి మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఇంకో డబ్బా తెప్పించి, నాన్న చేతికిచ్చి, బాత్రూము తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రావట్లేదే" అని లోపలినుంచి వినపడింది.

"వచ్చేదాకా కూర్చుంటాను నాన్నా. నాకు సెలవలే."

నేను కూడా ఒక కుర్చీ తెచ్చి దాని పక్కన వేసుకున్నాను.