పక్కపక్క గడుల్లో రెండు దీవులు

ముందే ఒప్పుకుంటున్నాను: నా నోట పడితే చీమ ఒంటె అవుతుంది. కువైట్‌లో పాతికేళ్ళు ఉన్నవాణ్ణి, ఏనుగు కన్నా ఒంటే నాకు అలవాటు. అయినా ఇందులో పూర్తిగా కల్పించింది ఒక్క ముక్కే. అదేదో చివర చెబుతాను. నిన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏవో రెండు దీవుల విమానాశ్రయాల మధ్య దూరం చూసి, "రెండు వేల కిలోమీటర్లు నాన్నా!" అంది. దీవుల పేర్లు వినగానే నా చేతిలో టీ గ్లాసు జారి సోఫా, తివాచీ, కింది ఫ్లాటువాళ్ళ పైకప్పు దాకా తడిసిపోయాయి. ఒకటి మాల్దీవుల కొసన, రెండోది సీషెల్స్‌లో. ఆ దూరం ముప్పావుగంటేనని ఒకప్పుడు సెలవిచ్చిన మహానుభావుణ్ణి నేనే.

అప్పట్లో కువైట్‌లోని హవల్లీలో ఒక విమాన టికెట్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. అదెంత ఇరుకంటే, ఒకరు తుమ్మాలంటే ఇంకొకరు బయటికి వెళ్ళాలి. గోడకి మాత్రం గోడంత పటం, అందులో విహార దీవులన్నీ వరసగా గడుల్లో. ఒకరోజు ముబారక్ అల్ కబీర్‌లో ఇంటిపని చేసే రాయచోటి అక్క వచ్చింది. ఆమె మామా, అంటే ఇంటి యజమానురాలు, పక్క దుకాణంలో గాజులు బేరమాడుతూ టికెట్ల సంగతి కనుక్కు రమ్మందట. అక్క అది వదిలేసి పటం ముందు నిలబడింది.

"అన్నా, మా మామావాళ్ళు సెలవులకు ఈ దీవికి పోతాండారు. పిల్లోళ్ళను సూసుకోను నన్నూ తీసకపోతాండారు. మా చెల్లెలు పన్జేసే ఇంటోళ్ళు ఆ పక్క దీవికి. ఆడ ఒగదినం నీ ఇష్టం అనింది మామా. ఇమానంలో ఎంతసేపు?"

కొలిచాను. రెండు దీవుల మధ్య నాలుగు వేళ్ళు. "ముప్పావుగంట అక్కా!"

ఆమె మొహంలో వెలుగుకి మా ట్యూబులైటు సిగ్గుపడి ఆరిపోయింది. "ఆరేండ్లాయన్నా దాన్ని సూసి."

"ఇప్పుడెక్కడుంటోంది?"

"జహ్రాలో."

జహ్రా కూడా కువైట్లోనే, ఆమె ఉండే చోటు నుంచి కారులో ముప్పావుగంట. "మరి శుక్రవారం వెళ్ళొచ్చుగా?"

"నాకు సెలవీరు, దాన్ని గడప దాటనీరు. ఫోన్లోనే ఏడ్సేది, ఫోన్లోనే నగేది."

ఆమె వెళ్ళాక మా నెల్లూరు మేనేజరు పటాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "కాగితం చాలక సముద్రాన్ని కత్తిరించి గడులు పక్కపక్కన పెట్టారయ్యా! ఆ రెంటికీ నేరుగా విమానమే లేదు. దుబాయ్ వచ్చి మళ్ళీ ఎక్కాల. ఆ ఒక్కరోజూ దారిలోనే ఖలాస్!"

నా కాళ్ళ కింద హవల్లీ రెండుగా చీలింది.

అక్క టికెట్లు తీసుకోవడానికి వచ్చినరోజు ఆ సంగతి చెప్పాను. కోప్పడలేదు. రెండు గడుల మధ్య గీత మీద వేలు పెట్టి, "ఇంత సన్నగుండాది గదన్నా," అంది.

అప్పుడు తట్టింది నాకు: చెల్లెలివాళ్ళ ప్రయాణమూ అక్కవాళ్ళు వెళ్ళే గురువారం పొద్దునే. ఏ కౌంటరు దగ్గర నిలబడాలో చెప్పి పంపాను. విమానాశ్రయంలో అక్కాచెల్లెళ్ళు కలిశారు, సరిగ్గా ముప్పావుగంట. సామాన్ల బెల్టులు ఆగిపోయాయి, ఇద్దరు మామాలూ ఒకే రుమాలు పంచుకుని ఏడ్చారు.

కల్పించింది ఇదిగో, ఈ కలయికే. టీ, ట్యూబులైటు, చీలిన హవల్లీ పెంచినవే తప్ప పుట్టించినవి కావు. నిజానికి "సర్లే అన్నా" అని టికెట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళిన అక్క మళ్ళీ ఆ దుకాణానికి రాలేదు. చెల్లెలి ప్రయాణం ఏ రోజో నేను అడగనైనా అడగలేదు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ ముప్పావుగంట వాళ్ళకి నేనే ఇస్తున్నాను. దాన్ని గంట చేయడానికి మాత్రం, ఇన్ని కోతలు కోసే నాకూ ఎన్నడూ నోరు రాలేదు.