పొగగాట్లు

బైండింగు పని ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన పుస్తకాలు విప్పి, మళ్ళీ కుట్టి, తప్పులు చేసి నేర్చుకున్నాడు. చిరుగు ఎక్కడుందో వెతికినా దొరకనట్టు అతుకుతాడని పేరు. అందరికీ అతుకుల మాస్టారు. ఆ పేరు తలకెక్కడమే కొంప ముంచింది.

లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఒకరోజు అట్టపెట్టె తెచ్చింది. నూటయాభై ఏళ్ళ కిందట మిషనరీలకు ఓడల మీద వచ్చిన ఉత్తరాలు. "అంచులు రాలిపోతున్నాయి మాస్టారూ. కాస్త గట్టిపరచండి, చాలు" అని చెప్పి వెళ్ళింది.

ఒక కవరు మీద, పోస్టు ముద్ర పక్కన, రెండు గాట్లున్నాయి. చిరుగైతే పీచు లేస్తుంది. ఇవి ఉలితో దింపినట్టు నున్నగా ఉన్నాయి. మాస్టారి చెయ్యి ఆగింది. అడుగుదామా అనుకున్నాడు. ఇన్నేళ్ళ పనివాణ్ణి, ఇదీ అడగాలా అనిపించింది. అంచులు బ్లేడుతో పల్చగా గీకి, వెనక సన్నకాగితం వేసి, గంజితో అతికేశాడు. గాట్లు మాయం.

వారం తర్వాత ఆవిడ వచ్చి, కవర్లన్నీ రెండుసార్లు తిరగేసింది.

"గాట్ల కవరు ఒకటుండాలండీ. ఓడలో కలరా అనుమానముంటే రేవులో ఉత్తరాలకి గాట్లు పెట్టి, రోగం అంటకుండా లోపలికి పొగ పట్టేవాళ్ళట. మన రేవులో అలా చేశారనడానికి అదొక్కటే గుర్తు. పాత జాబితాలో రాసుంది."

మాస్టారు గంజిగిన్నె పక్కకి జరిపాడు.

"ఆ జాబితా రాసిన గుమాస్తా పొరబడ్డాడేమోలెండి" అంటూ ఆవిడ పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

భోజనం దగ్గర భార్య ఆయన కంచం వైపు చూసింది. "ఏమండీ, అన్నానికి కూడా అతుకులేస్తున్నారా? అలా కెలుకుతున్నారు."

జరిగింది చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"తెలీక చేశారు, సరే. మరి ఆవిడ ముందు నోరెందుకు పెగల్లేదు? పాపం, ఆ గుమాస్తా ఎప్పుడో పోయిన మనిషి. కాదని చెప్పుకోడానికైనా రాలేడు కదా."

తెలీక కూడా కాదు. చెయ్యి ఆగిన సంగతి ఆయన భార్యకైనా చెప్పలేదు.

మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాడు. పెట్టెలో ఆ కవరు వెతికి, అతుకు చూపించాడు. "నేనే పూడ్చేశానమ్మా. అవి చిరుగులు కావని చేతికి తెలిసింది. అడగడానికి నామోషీ అనిపించింది."

ఆవిడ కవరుని వెలుతురుకెత్తి చాలాసేపు చూసింది. "విప్పలేరా?"

"గంజే కదా, విప్పుతాను. కానీ అంచులు గీకేశాను. ఇప్పుడు కనబడేది నా గాటవుతుంది, రేవువాళ్ళది కాదు."

ఆవిడ జాబితా తెరిచింది. గుమాస్తా రాసిన వరుస అప్పటికే ఎర్రగీతతో కొట్టేసి ఉంది. ఆ పుస్తకాన్ని ఆయన ముందుకు జరిపింది. మాస్టారు దాని కింద రాశాడు: "గాట్లు ఉండేవి. మరమ్మతులో నేను పూడ్చాను." సంతకం పెట్టాడు.

బల్ల మీద మరమ్మతు కావలసిన అలాంటి పెట్టెలు ఇంకా రెండున్నాయి. వాటి ఊసు ఆవిడ ఎత్తలేదు. ఆయనా అడగలేదు.