పసుపు గీత లేని బోల్టులు

నెరిస్ భయపడితే అరవదు, ఏడవదు. చేతిలో ఉన్నదాన్ని మెల్లగా కింద పెట్టేస్తుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం రెక్సమ్ ఊళ్లో తన ఇంటి గ్యారేజీలో ఫోటోల ఆల్బమ్‌ను అలాగే కింద పెట్టింది.

"ఏంటి, దెయ్యం కనబడిందా?" అన్నాడు తమ్ముడు ఎమ్రిస్, నోటినిండా కేకుతో.

ఇరవై ఏడేళ్లు అంబులెన్సు ఆఫీసులో ఫోన్లెత్తిన మనిషి నెరిస్. "ఏం కాదులే అనుకున్నామమ్మా" అని అవతలివాళ్లు ఏడవడం విని విని, ఆ మాటంటేనే ఆమెకు గుండె దడ. రిటైరయ్యాక, పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రెండు సీట్ల కారును మూడేళ్లుగా తన చేతులతోనే బిగిస్తోంది. అది రోడ్డెక్కొచ్చో లేదో తేల్చే ప్రభుత్వ పరీక్ష మర్నాడు పొద్దున్నే. అక్కడిదాకా తనే నడుపుకుపోవాలి. పక్క సీట్లో ఎమ్రిస్.

ఇంజను ఊపును వెనక చక్రాలకు అందించే షాఫ్టు ఆ కారులో సీట్ల మధ్య నుంచే పోతుంది. తుంటికి జానెడు దూరంలో గిర్రున తిరుగుతుంది. కీలు విరిగిందంటే ఆ ఇనుప గొట్టం కొరడాలా లేస్తుంది. పైన కప్పే పల్చటి రేకు దాన్నేం ఆపుతుంది? అందుకే షాఫ్టు చుట్టూ ముందొకటి, వెనకొకటి ఉక్కు కడియాలు వేసింది. బోల్టు బిగించగానే దాని మీద పసుపు రంగు గీత గీయడం ఆమె అలవాటు.

పని జరుగుతుండగా తీసిన ఆ ఫోటోలో ముందు కడియం బోల్టులకు గీతలున్నాయి. వెనకదానికి లేవు. ఆ ఫోటో తీశాకే పైన రేకు మూసి, ముప్పైనాలుగు రివెట్లు కొట్టి, తివాచీ అంటించేసింది.

"బిగించే ఉంటావు. గీత మర్చిపోయుంటావు, అంతే."

"గుర్తు లేదు ఎమ్రిస్."

"పరీక్ష చేసేవాడు రేకు విప్పి చూస్తాడా ఏంటి? రేపటి తేదీ పోతే మళ్లీ రెండు నెలలు ఆగాలి. ఏం కాదులే నెరిస్."

వదులు కడియం జారి, తిరిగే షాఫ్టు మీదే పడితే? భయపడి తను పెట్టిన కడియమే తమ్ముడి తొడలో దిగితే?

"లే. ఆ తివాచీ అంచు పట్టుకుని లాగు."

"నీ చాదస్తం తగలెయ్య! మూడేళ్లు కట్టింది పీకేస్తావా?" అని గొణుగుతూనే లాగాడు.

డ్రిల్లుతో రివెట్ల తలలు ఒక్కొక్కటే తీసింది. చివరికి రేకు లేచింది. వెనక కడియానికి రెండు బోల్టులు. మొదటిదానికి స్పానరు వేసి చూసింది. కదల్లేదు.

"చెప్పానా!" అంటూ ఎమ్రిస్ రెండోదాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. అది తిరిగింది. వట్టి వేళ్లకే తిరిగింది.

నెరిస్ చేతిలోని స్పానరును మెల్లగా కింద పెట్టింది.

"ముందుది కూడా చూద్దాం," అన్నాడు ఎమ్రిస్, గొంతు తగ్గించి.

"దానికి గీత ఉందిగా."

"ఉంటే ఉండనీ. చూద్దాం."

అన్నీ మళ్లీ బిగించారు. ఈసారి పసుపు గీతలు ఎమ్రిసే గీశాడు. వంకరటింకరగా వచ్చాయి. ఆ పైన రేకు మూసి మళ్లీ రివెట్లు కొట్టారు.

మర్నాడు రోడ్డెక్కాక అతను నోరు విప్పలేదు. ముప్పై ఏళ్లు బస్సు నడుపుతూ ఊరందరితో వాగిన మనిషి, సీట్ల మధ్య రేకు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఏంటి, నాడి చూస్తున్నావా?"

"నువ్వు రోడ్డు చూడు," అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

కూడలి దాటి గేరు మార్చాక, నెరిస్ కూడా తన ఎడమ చెయ్యి అతని చేతి పక్కనే ఆనించింది.