మింగేసిన మాట

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. ఇది నేను ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను. ఎక్కడికీ పోలేదు.

పంతొమ్మిదివందల యాభైల్లో నేను కర్నూలులో ఆడపిల్లల బళ్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మనుషులంతా పుట్టుకతో సమానమని ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒక ప్రకటన రాసుకున్నాయి కదా, దాని తెలుగు కాగితం మా బడికీ వచ్చింది. గోడకు అంటించారు. ఏటా ఒక రోజు దాన్ని పిల్లలకు చదివి వినిపించేది నేనే. బాగా చదువుతానని పేరు కూడా. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దించాలో నాకు బాగా తెలుసు.

ఒక ఎండాకాలం ఆ దేశాల తరపున ఒక తెల్లావిడ వచ్చింది. ఊళ్లు తిరిగి, అంటరానితనం ఎక్కడ ఎట్లా ఉందో ఆడవాళ్లనే అడిగి తెలుసుకోవాలట. నీళ్ల దగ్గర మనుషుల్ని వేరుగా చూసే ఊరు కనబడితే, అక్కడి హరిజనవాడకు బావి తవ్వించేందుకు సాయం అందేట్టు రాసి పంపుతుందట. ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషి కావాలని నన్ను వెంట పంపారు. మూడో రోజు మైదుకూరు దగ్గర మా మేనమామ ఊరికి పోయాం. మామది ఆ ఊళ్లో పెద్ద సేద్యం. మాకు భోజనం కూడా ఆయన ఇంట్లోనే.

ఊరి బావి దగ్గర హరిజనవాడ పెద్దామె ఒకామె కూర్చుని ఉంది, పక్కన ఖాళీ కడవ. నేనెరిగిన మనిషే, మామ చేలో కలుపు తీసేది. మా అమ్మ వయసు ఆమెది. అయినా ఆమె నన్ను "అమ్మా" అనేది, నేను ఆమెను "ఏమే" అనేదాన్ని. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు, గోడ మీది కాగితం అన్నిసార్లు చదివి కూడా.

ఈ బావి నీళ్లే తాగుతారా అని అడగమంది తెల్లావిడ. అడిగాను.

పెద్దామె తల దించుకోకుండా చెప్పింది. "ఈ బాయి నీళ్లే తాగుతామమ్మా. అయితే మమ్మల్ని సేద ఏయనీరు. ఎవురన్నా వచ్చి పోస్తే పట్టుకుంటాం. పొద్దున వచ్చినా, ఇంగా ఎవురూ పోయలేదు. ఇంటికాడ బిడ్డ బాలింత. ఈ మాట ఆయమ్మకు బాగా తెలిసేట్టు చెప్పమ్మా."

మామ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లెర్ర చేయలేదు, దగ్గలేదు, నా వైపు చూడను కూడా లేదు. బెదిరించి ఉంటే ఈపాటికి ఆ పాపం ఆయన నెత్తిన వేసి హాయిగా ఉండేదాన్ని. నాకు సిగ్గేసింది, అంతే. పరాయి దేశపు మనిషి ముందు మా ఊరు, మా ఇల్లు చులకనైపోతాయని. "ఈ బావి నీళ్లే తాగుతామంటోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు చూడండి. మొదటి మాట చెప్పి మిగతాది మింగేశాను. చదువుకున్నదాని దొంగతనం అట్లాగే ఉంటుంది.

తెల్లావిడ ముఖం విప్పారింది. రాసుకుంది. పెద్దామె చేతులు పట్టుకుని ఊపింది. తన మాట చేరిందనుకుని పెద్దామె కూడా నవ్వింది.

బావి ఇంకో ఊరికి పోయింది.

మరుసటి ఏడు ఎండల్లో మామ ఇంటికి వెళ్లినప్పుడు, అదే బావి దగ్గర ఆమె మళ్లీ కనబడింది. తప్పించుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"ఆ దొరసానమ్మ మళ్లా రాలేదేమమ్మా?"

నేను ఆమె పక్కనున్న ఖాళీ కడవ వైపు చూశాను.

"నాదే తప్పులే. నాకు మాట్లాడను రాదు. నేను చెప్పింది ఆయమ్మకు అర్థం కాకపాయె. పాపం, నువ్వయితే శానా కష్టపడి చెప్తివి."

నిజం నాలుక చివరికి వచ్చింది. రానీయలేదు. చేద అందుకుని నీళ్లు తోడాను. ఆమె కడవ ముందుకు జరిపి, తాను వెనక్కి జరిగింది. నేను వంగి పోశాను, చేద అంచు కడవకు తగలకుండా, జానెడు ఎత్తు నుంచి. అట్లా పొయ్యమని నాకెవరూ చెప్పలేదు.