కుండ వెనక పిల్లి కూన

ఆ వేసవిలో మా నర్సరీలో పోయినవి ఇవి: నాలుగు పిల్లి కూనల్లో మూడు, ఎండకు మాడిన క్రోటన్లు ముప్పై నాలుగు, మట్టికుండ ఒకటి, థర్మామీటరు ఒకటి. కుండ, థర్మామీటరు మళ్ళీ కొన్నాం. క్రోటన్లకు వానలు పడ్డాక కొత్త కొమ్మలు గుచ్చాం, బతికాయి. కూనల లెక్క మాత్రం మూడే అయినా, అందరూ చెప్పుకునేది ఒకలా ఉంది, నాకు తెలిసినది ఇంకోలా ఉంది.

కడియం దగ్గర ఒక నర్సరీలో నేను లెక్కలు చూస్తాను. ఏ మడిలో ఎన్ని మొక్కలున్నాయి, ఏ లారీకి ఎన్ని ఎక్కాయి, అంట్లు కట్టినవాటిలో ఎన్ని వేరు పట్టాయి, ఇదే నా పని. పదో తరగతితో చదువు ఆగింది. మిగిలిన లెక్కలన్నీ మొక్కల మధ్యే నేర్చుకున్నాను.

రేకుల షెడ్డులో కొబ్బరిపొట్టు బస్తాల వెనక ఒక బూడిదరంగు పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. వాటిని మొదట చూసింది అంట్లు కట్టే పెద్దావిడ. ఆవిడను నేను పిన్ని అని పిలుస్తాను. మాకు చుట్టరికం లేదు. నేను పనిలో చేరకముందు నుంచే ఆవిడ అక్కడ ఉంది. మా దగ్గర మొక్కలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆవిడ బస్తాల వెనక్కి వంగి వేలు చూపిస్తూ "లాభం, రెండు, మూడు, నాలుగు" అంది. "రాసుకోండి గుమాస్తా గారు" అని నవ్వింది.

కూనలు కళ్ళు తెరిచి, తడబడుతూ నడవడం మొదలుపెట్టేసరికి రోహిణి కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం చూస్తే నాలుగింటిలో ఒకటి బిగుసుకుపోయి ఉంది. షెడ్డులో థర్మామీటరు పెట్టాను. నలభై మూడు. బయట మామిడిచెట్టు కింద, మంచినీళ్ళ కుండ దగ్గర, ముప్పై తొమ్మిది. మిస్టు గదిలో ముప్పై అయిదు.

మిస్టు గది అంటే పాలిథిన్ కప్పిన పొడవాటి గది. గుచ్చిన కొమ్మలు వేరు పట్టేదాకా అందులో ఉంచుతాం. కాసేపటికోసారి పైపుల్లోంచి సన్నటి తుంపర పడుతుంది. ఎండకు వాడిపోయే ఏ లేత మొక్కనైనా అందులో పెడితే తెల్లారేసరికి ఆకు నిలబెడుతుంది. మా నర్సరీలో ఏది వాడినా మొదట తట్టేది ఆ గదే. నాకూ అదే తట్టింది. ముప్పై అయిదు, ముప్పై తొమ్మిది కన్నా నాలుగు తక్కువ. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

మొక్కలు మోసే ట్రేలో గోనెపట్టా పరిచి, మూడు కూనల్నీ తీసుకెళ్ళి, తుంపర పడని మూల పెట్టాను.

పిన్ని గది గుమ్మానికి వేలాడే పరదా ఎత్తి చూసింది. "ఏంటండి, పిల్లి పిల్లల్ని మందారం కొమ్మలనుకున్నారేంటి? ఊపిరాడదండి వాటికి."

"ముప్పై అయిదే ఉంది పిన్నీ. బయట ముప్పై తొమ్మిది."

"మీ అంకెలు మీ దగ్గరుంచుకోండి. నేను పదినిమిషాలు పనిచేస్తే రవిక పిండుకోవాలి ఈ గదిలో."

"నీకు పని చేసే ఒళ్ళు. అవి పడుకుని ఉంటాయి."

ఆవిడ తల అడ్డంగా ఊపి మల్లెమడి వైపు వెళ్ళిపోయింది. కాసేపటికి తల్లిపిల్లి వచ్చింది. పరదా కిందనుంచి దూరి, ఒక కూనను నోట కరుచుకుని బయటికి తెచ్చి, మామిడిచెట్టు కింద కుండ వెనక పెట్టింది. అంటే ముప్పై అయిదు నుంచి ముప్పై తొమ్మిదికి. బుద్ధిలేని పిల్లి అనుకున్నాను. పైగా ఆ దారిన రెండు కుక్కలు తిరుగుతుంటాయి. మిగిలిన రెండింటినీ కూడా తెచ్చేస్తుందని పరదా కింది అంచును తాడుతో గట్టిగా ముడివేశాను. అప్పుడే లారీ వచ్చింది. అరెకా మొక్కలు ఎక్కించి లెక్క తేల్చేసరికి రెండు గంటలు పట్టింది. మధ్యలో పిల్లి అరుపు వినబడుతూనే ఉంది. ఆకలి అనుకున్నాను.

తిరిగి వచ్చి ముడి విప్పితే రెండూ నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. థర్మామీటరు ముప్పై ఆరు చూపిస్తోంది.

పిన్ని వచ్చేసరికి తాడు నా జేబులో ఉంది. "ఎండ ఎక్కువైంది పిన్నీ" అన్నాను. ఆవిడ కూనల్ని పమిటచెంగుతో పట్టుకుని తీసింది. "అయ్యో దేవా! ఎండకి మూడు పోయాయి" అంది. నేను జేబులోని తాడును ఇంకా లోపలికి తోశాను.

ఇక మిగిలింది కుండ వెనక ఉన్నది ఒక్కటే. కార్తెలో ఇంకా తొమ్మిది రోజులున్నాయి. దీన్నైనా దక్కించుకోవాలి. కానీ ఎలా? ముప్పై ఆరులో రెండు చచ్చిపోయాయి, ముప్పై తొమ్మిదిలో ఒకటి బతికే ఉంది. నా లెక్క తప్పిందని తెలుస్తోంది గానీ ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. ఆ సంగతి తేలకుండా దాన్ని ఎక్కడ ఉంచాలన్నా భయంగా ఉంది.

మర్నాడు అన్నం తిని కుండ ఎదురుగా కూర్చున్నాను. కూన, కుండ కింద తడిసిన ఇసుకలో పొట్ట ఆనించి పడుకుంది. నర్సరీ పక్కనున్న కాలవ వైపు నుంచి గాలి వస్తోంది. తల్లి దాని ఒళ్ళంతా నాకి వెళ్ళింది. తర్వాత కూన తన ముందుకాళ్ళను తానే నాక్కుంది. అర్ధగంటలో పదకొండుసార్లు. పొద్దున చల్లటి వేళ చూసినప్పుడు రెండుసార్లే. ఇంత ఎండలో శుభ్రం మీద ఎందుకింత శ్రద్ధ?

పిన్ని నీళ్ళకు వచ్చి, చెంబు ముంచుతూ నన్ను చూసింది. "ఏంటండి, పిల్లి నాకడం కూడా లెక్కేస్తున్నారా?"

"ఇక్కడ అంత వేడిగా ఉంటే ఇది చల్లగా ఎలా ఉంటోందో తెలియట్లేదు పిన్నీ."

"నీళ్ళెలా చల్లగా ఉన్నాయో అలాగే." ఆవిడ గటగటా తాగి మూతి తుడుచుకుంది. "ఈ కుండ పట్టుకెళ్ళి మీ మిస్టు గదిలో పెట్టండి. చల్లబడతాయేమో చూద్దాం నీళ్ళు!"

ఆవిడ ఎగతాళికే అంది. నేను నిజంగానే పెట్టాను. షెడ్డులో ఉన్న రెండో కుండ తెచ్చి, రెండింటిలో ఒకే తొట్టిలోంచి నీళ్ళు పోశాను. రెండింటిలోనూ ముప్పై మూడు. ఒకటి చెట్టు కింద, ఒకటి మిస్టు గదిలో. మూడు గంటలు ఆగి చూశాను. చెట్టు కింద కుండలో ఇరవై ఎనిమిది. గది కుండలో ముప్పై అయిదు. నమ్మలేక మళ్ళీ ముంచాను. ముప్పై అయిదే. రెండో కుండను బయటికి మోసుకొస్తుంటే తడి చేతుల్లోంచి జారింది. అందులో ఉన్న థర్మామీటరూ కుండతో పాటే పోయింది. ఆ ముక్కలు ఏరుతూనే లెక్క ఎక్కడ తప్పిందో చూసుకున్నాను.

గాలి ఎంత వేడిగా ఉందనేది ఒక అంకె. ఆ గాలి ఇంకా ఎంత తడిని పీల్చుకోగలదనేది ఇంకొక అంకె. నేను మొదటిదే చూశాను. కుండ పైన ఊరిన చెమ్మను గాలి తీసుకుపోతేనే నీళ్ళు చల్లబడతాయి. పిల్లి బొచ్చు మీద నాకిన తడి కూడా అంతే. మిస్టు గదిలో గాలి అప్పటికే నిండి ఉంటుంది. అక్కడ కూన ఎంత నాక్కున్నా, ఎంత రొప్పినా, ఆ తడి ఎక్కడికీ పోదు. కొమ్మకు కావలసింది సరిగ్గా అదే, తడి పోకుండా ఉండడం. కూనకు కావలసింది తడి పోవడం. తల్లిపిల్లికి అది థర్మామీటరు లేకుండానే తెలుసు.

ఆ తర్వాత నేను చేసిన పనులు చిన్నవి. కుండ ఉన్న చోటే ఉంచాను. నడినెత్తి ఎండ ఆకుల సందుల్లోంచి కూన మీద పడకుండా, క్రోటన్ మడి మీది ఆకుపచ్చ వలలో కొంత విప్పి తెచ్చి పైన కట్టాను. ముప్పై నాలుగు క్రోటన్లు పోయింది అందుకే. కాలవ వైపు మాత్రం మూయలేదు. తడి గోనెను కూన కింద పరచకుండా, గాలి వచ్చే దారిలో వేలాడదీశాను. మూడు చోట్ల వెడల్పాటి మూకుళ్ళలో, అది మునగనంత లోతున నీళ్ళు పెట్టాను. కుక్కల కోసం చుట్టూ మొక్కల ట్రేలు నిలబెట్టి, పిల్లి పట్టేంత సందు వదిలాను.

ఇక మిగిలిన భయం లారీలు. కూనకు నడక గట్టిపడ్డాక చక్రాల నీడ నచ్చింది. అందుకని లారీ కదిలేముందు మొక్కల లెక్క అయ్యాక కూనను కళ్ళారా చూసేదాకా చీటీ డ్రైవరు చేతికివ్వడం మానేశాను. ఒక డ్రైవరుకు తిక్క రేగింది.

"ఏంటండి గుమాస్తా గారు, పిల్లికి కూడా బిల్లు రాస్తారేంటి? పొద్దుపోతే టోల్ గేటు దగ్గర నేను పడుకోవాలి!"

లారీ కిందికి వంగి చూస్తున్న పిన్ని అక్కడి నుంచే కేకేసింది. "ఇదుగోనండీ, వెనక టైరు దగ్గరుంది! లాభం!" కూనను మెడ పట్టుకుని పైకెత్తి చూపించింది. డ్రైవరు నవ్వేశాడు. మరుసటి ట్రిప్పు నుంచి వాడే దిగి టైర్ల వెనక చూసి "మీ పిల్లి లేదండి, ఇక ఇవ్వండి చీటీ" అనేవాడు. అయినా నేను ఒకసారి చూసుకునేవాణ్ణి.

తొమ్మిది రోజులు గడిచాయి. మృగశిర నాలుగో రోజున మొదటి వాన పడింది. కూన వానకు జడిసి నా బల్ల కింద దూరింది. ఇప్పుడది పెద్ద పిల్లి. వేసవి వస్తే ఇప్పటికీ కుండ వెనకే పడుకుంటుంది. మిస్టు గది వైపు వెళ్ళదు.

మొక్కలకు వచ్చినవాళ్ళెవరైనా పిల్లిని ముద్దుచేస్తే పిన్ని కథ చెబుతుంది. "నాలుగు పుట్టాయండి. ఎండకి మూడు పోయాయి. దీన్ని మా గుమాస్తా గారే బతికించారు. కుండలు పెట్టి లెక్కకట్టారండి, ఆయ్!" ఆ కుండ మాట ఆవిడే నాకు అందించిందని ఆవిడకు గుర్తు లేదు. నేను చీటీ పుస్తకంలో తలదించుకుని ఉంటాను.

పరదాకు వేసిన ముడి సంగతి ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. ఎండకు పోయింది ఒకటే. ఆవిడకు నేను ఒప్పజెప్పాల్సినవి ఇంకా రెండు.