పిట్ట రెక్క గుర్తు

నాచారంలోని ఒక డిజైన్ కంపెనీలో ఆర్ట్ డైరెక్టరుగా నేను రిటైరయ్యే ముందు ఏడాది, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకదానికి బ్రాండ్ నియమావళి తయారుచేసే పని నాకు అప్పగించారు. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అంటే దాని కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. లోగోకు మాత్రం ఆ స్వేచ్ఛ వర్తించదు. దాన్ని ఏ రంగులో వేయాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎవరు ఎక్కడ వాడుకోవచ్చు అన్నవి రాసిపెట్టేదే నియమావళి.

ఆ లోగోను మొదట గీసింది యాదగిరి గారు. ఉప్పల్‌లో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టిన వాలంటీర్లలో ఆయన ఒకరు. ‘త’ అక్షరం తలకట్టును పిట్ట రెక్కలా సాగదీశారు. చిన్న సైజులో ఆ రెక్క చెదిరిపోతోందని నేను గీత మందం పెంచాను. ఆయన ఫోన్‌లో అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగ చేసిన్రు మేడం. గిప్పుడు ఎంత చిన్నగ పెట్టినా కనవడ్తది" అన్నారు.

వాడకం గురించిన అధ్యాయంలో, ఈ సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్లు అనుమతి అడగకుండానే లోగో పెట్టుకోవచ్చని ఒక పేరా రాశాను. సాఫ్ట్‌వేర్ వ్యవహారాలు చూసే కమిటీలో, ప్రాజెక్టుకు ఖర్చు పెడుతున్న కంపెనీ తరఫున ఉన్న మేనేజరు దాన్ని తీసేయమన్నాడు. "అందరికీ వదిలేస్తే ఇంక బ్రాండ్ ఏముంటుందండీ?" అన్నాడు. పేరా ఉండాలని నేను వాదించాను. నాకు ఓటు లేదు. ఓటున్నవాళ్లు మేనేజరు వైపే చేతులెత్తారు. యాదగిరి గారిని ఆ సమావేశానికి పిలవనేలేదని తర్వాత తెలిసింది.

కొన్ని నెలలకు కమిటీ నుంచి ఆయనకు నోటీసు వెళ్లింది. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీది లోగో పాతది, అనుమతి లేనిది, తొలగించాలి. దానికి నేను డిజైన్ చేసిన నియమావళి పేజీలే జతచేశారు.

విషయం తెలిసి నేను ఉప్పల్ వెళ్లేసరికి పెయింటరు ఆ బోర్డుకు తెల్లరంగు కొడుతున్నాడు. కమిటీతో నేను మాట్లాడతాను, ఆపించండి అని యాదగిరి గారితో అన్నాను.

"ఎవలతోని కొట్లాడాలె మేడం? ఆ కమిటీల సగం మంది నా దగ్గర టైపింగ్ నేర్చుకున్నోళ్లే" అన్నారు ఆయన. బోర్డు వైపు తిరిగి, "నేను గీసిన బొమ్మ నాది కాదని నాకే కాయితం పంపిన్రు. ఇగ వద్దు" అన్నారు. నాకు కుర్చీ చూపించి, క్లాసు ఉందని లోపలికి వెళ్లారు.

నియమావళిలోంచి నా పేరు తీసేయమని కమిటీకి రాశాను. అభ్యంతరం లేకుండా తీసేశారు. పేజీలు అలాగే ఉన్నాయి. యాదగిరి గారు ఇప్పుడు క్లాసులో వేరే సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నారు.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు రంగుల గురించి, అక్షరాల గురించి నన్ను అడుగుతుంటారు. లోగో ఎవరి పేరు మీద నమోదవుతుందో, దాన్ని గీసినవాళ్ల హక్కు ఏ పేజీలో ఉందో ముందు తెలుసుకోమంటాను. ఆ పేజీ లేకపోతే పని ఒప్పుకోవద్దని చెబుతాను.