ఆకలి లేని అందాజ

వారానికి ఒక్క సూది పొడుచుకుని, నూట యాభై మంది చుట్టాలను ఖాళీ పళ్ళేల ముందు కూర్చోబెట్టిన ఘనత మా వాడకట్టు మొత్తంలో నా ఒక్కదానికే ఉంది. అది ఎట్లా సాధించానో దాచకుండా చెబుతాను. కాకపోతే భోజనం చేశాకే చదవండి. ఆకలితో చదివితే మీరు కూడా వాళ్ళ పక్షానే చేరిపోతారు.

జరిగి రెండేళ్ళయింది. అప్పటికి నాకు అరవై ఏడు. ఏమీ తెలియని వయసు.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా చుట్టాల్లో ఎవరింట్లో శుభకార్యమైనా బియ్యం ఎన్ని పొయ్యాలో, మటన్ ఎంత తేవాలో అందాజ చెప్పేది నేనే. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తక్కువ పడలేదు, పారబోసిందీ లేదు. నా పద్ధతి పుస్తకాల్లో ఉండదు. కార్యానికి నాలుగు రోజుల ముందు వంటాయన మల్లేశం బోయిన్‌పల్లి నుంచి వచ్చి మా ఇంట్లోనే కొంచెం వండి పెడతాడు. నేను కూర్చుని కడుపు నిండా తింటాను. నేను తిన్నది ఒక మనిషి లెక్క. చుట్టాలు కాబట్టి దానికి ఇంకో సగం కలుపుతాను. అంతే. నా కడుపు మీద మా వంశానికి అంత నమ్మకం.

ఇంట్లో నేను గట్టిదాన్నే, ఒప్పుకుంటాను. సబ్బు అరిగిపోతే కొత్త సబ్బుకు అతికిస్తాను. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే నాకు బీపీ పెరుగుతుంది. కానీ చుట్టానికి వడ్డించేటప్పుడు మాత్రం ఏనాడూ చెయ్యి వెనక్కి తియ్యలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇక సూది సంగతి. మోకాళ్ళు మొండికేశాయి, షుగర్ కూడా ఉంది. డాక్టరు దగ్గరికి వెళితే చెప్పులిప్పించి ఒక మిషన్ మీద నిలబెట్టాడు. అది బరువొక్కటే చెప్పి ఊరుకోదు, కొవ్వెంత, కండెంత అని విడివిడిగా చీటీ ఇస్తుంది. కసాయి కొట్టువాడు కూడా నా సంగతి అంత వివరంగా చెప్పలేడు.

"అమ్మా, బరువు తగ్గితే మోకాళ్ళు తేలికపడతాయి. ఒక పెప్టైడ్ సూది రాస్తాను. వారానికి ఒకటి," అన్నాడు.

"పెప్టైడ్ అంటే ఏంది సార్?"

"అన్నం తిన్నాక మన పేగుల్లో ఒక పదార్థం పుడుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పేది అదే. ఈ మందు కూడా ఆ పనే చేస్తుంది."

"ఒంట్లో పుట్టేదాన్ని మళ్ళ కొనుడెందుకు సార్?"

"మీకు పుట్టేది చాలట్లేదమ్మా."

"అరవై ఏడేండ్లు చాలింది, ఇప్పుడేమైంది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆకలి బాగా తగ్గుతుంది, అయినా పప్పు, గుడ్డు మానొద్దు, మానితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది అని చాలా చెప్పాడు. నేను "ఆకలి తగ్గుతుంది" దగ్గరే ఆగిపోయాను. సరుకులు మిగులుతాయి కదా అని మనసులో లెక్కేసుకుంటున్నాను.

ఇంట్లో మాత్రం షుగర్ సూది అన్నాను. బరువు కోసం అని ఎట్లా చెప్పను? మా మనవరాలు శ్రావ్య ప్రోటీన్ పొడి డబ్బా కొని తెచ్చుకుంటే, "ఒళ్ళొంచి ఇల్లూడిస్తే ఏ పొడీ అక్కరలేదు" అని నెల రోజులు తిట్టినదాన్ని. తిట్టిన నోటితో ఆ మాట ఎట్లా అంటాను?

మొదటి వారాలు కడుపులో తిప్పింది. తర్వాత సర్దుకుంది. నాలుగో నెల వచ్చేసరికి నాలుగు ముద్దలకే కడుపు నిండేది. అది మందు మహిమ అని బుద్ధున్న ఎవరికైనా తడుతుంది. నాకు అట్లా తట్టలేదు. నాకు నిగ్రహం వచ్చిందనుకున్నాను. ఇంట్లో వాళ్ళు రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే మునీశ్వరుడు సంసారుల్ని చూసినట్టు జాలిగా చూసేదాన్ని. లోకమంతా అనవసరంగా తింటోందని తేలిపోయింది.

సరిగ్గా అప్పుడే శ్రావ్యకు సంబంధం కుదిరింది. పిల్లవాడు బంగారం. వాళ్ళది కరీంనగర్ దిక్కు. నిశ్చితార్థానికి బొల్లారంలో ఫంక్షన్ హాలు తీసుకున్నాం. వాళ్ళు పొద్దున్నే బయలుదేరి దూరం నుంచి వస్తారు కాబట్టి ముందు భోజనాలు, మూడు గంటలకు ఉంగరాలు.

మల్లేశం వచ్చి బగారన్నం, మటన్ వండి నా ముందు పెట్టాడు. నేను తిన్నాను. నాలుగు ముద్దలు. ఐదోది చూస్తేనే భయమేసింది.

"ఐపోయింది మల్లేశం. రాసుకో. కిలో బియ్యానికి ఇరవై మంది."

మల్లేశం చెవి దగ్గరికి తెచ్చాడు. "ఎంతమంది అన్నవమ్మా?"

"ఇరవై."

"ఎప్పుడూ పది అంటవ్ కదమ్మా!"

"అప్పుడు తెలవక అన్న. మటన్ సుత సగం చాలు."

"అమ్మా, వచ్చేది మనుషులేనా?"

"ఎక్కువ మాట్లాడకు."

శ్రావ్య పక్కనే ఉంది. "నానమ్మా, వాళ్ళు మంచిగ తింటరంట. జెర ఎక్కువ చెప్పు, ప్లీజ్."

"నాకు నేర్పుతున్నవా? నీ బారసాల నుంచి నేనే చెప్తున్న."

"ఏమో, నాకు భయమైతుంది."

"భయపడకు బిడ్డా. మిగుల్తది చూడు," అన్నాను. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో వాడుతుంటారు. కరెంటు పోయినా, నల్లా రాకపోయినా, "భయపడకు బిడ్డా, మిగుల్తది" అంటారు.

నిశ్చితార్థం రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మొదటి బంతి కూర్చుంది. ముందు వరుసలో పిల్లవాని నానమ్మ రాజవ్వ. మంచి భారీ మనిషి. ఆమె కూర్చుంటే పక్క కుర్చీలు తమంతట తామే జరిగి దారిచ్చాయి. మొదటి వడ్డన పళ్ళెంలో పడ్డంతసేపు కూడా నిలవలేదు. ఆమె చెయ్యెత్తింది. వడ్డించే మనిషి ఖాళీ బేసిన్ చేతపట్టుకుని, ఎవరో పిలిచినట్టు అటు తిరిగి వెళ్ళిపోయాడు.

నేను వంటశాలలోకి పోయి చూశాను. గిన్నె అడుగు తళతళ మెరుస్తోంది. రెండు బంతులు ఇంకా చేతులే కడగలేదు.

మల్లేశం గరిటె నేలకు ఆనించి నిలబడ్డాడు. "అమ్మా, కిలోకి ఇరవై మంది వచ్చిండ్రు. పది మందే తింటున్నరు."

బయట గొంతులు లేచాయి. పిల్లవాని బాబాయి అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. "పిలిచి గిట్ల అవమానం చేస్తరా? నిశ్చితార్థానికే గిట్లుంటే పెండ్లికి నీళ్ళు పోసి పంపుతరా? ఉంగరాల సంగతి తర్వాత. డ్రైవర్‌ను పిలువుండ్రి, బస్సు తియ్యమను!"

మా కొడుకు రమేశ్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నీ పిసినారితనం ఇంట్ల చూపిస్తే సరే. గీడ సుత చూపాల్నా?"

శ్రావ్య స్టేజీ పక్కన నిలబడి ఉంది. నా దిక్కు చూసింది, అంతే. పట్టుచీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే మేకప్ అమ్మాయి "మేడం, కాజల్!" అని వెంటపడింది.

అప్పుడు అర్థమైంది నాకు. నాలుగు ముద్దలు తిన్నది నేను కాదు, సూది. అందాజ చెప్పింది కూడా సూదే. ఇప్పుడు నాకు రెండే దారులు. నోరు మూసుకుంటే పిసినారి ఇంటి పిల్ల అని శ్రావ్య సంబంధం తప్పుతుంది. నోరు తెరిస్తే ఈ వయసులో ముసలిది నాజూకు కావడానికి పొట్టలో పొడుచుకుంటోందని రెండు జిల్లాలకు తెలుస్తుంది.

"మల్లేశం, ఇంకో గిన్నె ఎక్కించు. మటన్ లేకుంటే గుడ్లు ఉడకబెట్టు. ఎంతసేపు?"

"సామాన్లు తెప్పించుకొని వండేసరికి గంట అయితదమ్మా."

"పెట్టు," అని, హాలు మధ్యకు పోయి నిలబడ్డాను.

"రాజవ్వ వదినె! తప్పు నాదే. కానీ పిసినారితనం కాదు. నాకు ఆకలి లేక గిట్ల అయ్యింది."

బాబాయి అందుకున్నాడు. "నీకు ఆకలి లేకపోతే మాకు పెట్టవా?"

"అది కాదయ్యా. నేను తిన్న లెక్కనే అందరికీ చెప్పిన. నేను తింటలేనని నాకే తెలవలే. నాలుగు నెలల నుంచి సూది పొడుచుకుంటున్న."

"ఏం సూది?"

"పెప్టైడ్ సూది." ఒకసారి ఊపిరి తీసుకున్నాను. "బరువు తగ్గేటందుకు."

సన్నాయి వాళ్ళు వాయించడం ఆపేశారు. వాళ్ళనెవరు ఆపమన్నారో నాకు తెలియదు.

"నానమ్మా! నువ్వా?" శ్రావ్య ఏడుపు సగంలో ఆగిపోయింది. "నా డబ్బా చూసి నెల రోజులు తిట్టినవ్ కద!"

నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూశాను. ఆ క్షణంలో దాని మీద కూడా నాకు కోపం రాలేదు.

రాజవ్వ లేచింది. తాపీగా నా దగ్గరికి వచ్చింది. తల నుంచి పాదాల దాకా ఒకసారి, పాదాల నుంచి తల దాకా ఇంకోసారి చూసింది. బస్సెక్కమంటుందా, చెంప మీద కొడుతుందా అని అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఎన్ని కిలోలు తగ్గినవ్ వదినె?"

"తొమ్మిది."

"ఓ రమేశూ, రెండు కుర్చీలు ఇటు జరుపు బిడ్డా."

ఆ తర్వాత ఆడవాళ్ళంతా రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నా చుట్టూ నిలబడ్డారు. "నొప్పి లేస్తదా?" "ఫ్రిజ్‌ల పెట్టాల్నా?" "మా కోడలికి సుత ఇప్పియ్యొచ్చా?" "కోడలిని ఎందుకంటవ్, నీ సంగతి చూసుకోరాదు?" ఒక్కొక్కరికీ ఓపికగా చెప్పాను. పరీక్షలు చేసి డాక్టరు రాస్తేనే, అందరికీ పడదు, దుకాణంలో అడిగి కొనుక్కుని పొడుచుకునేది కాదు అని గొంతు పోయేదాకా చెప్పాను.

వెనక నుంచి ఒక మగ గొంతు మెల్లగా వినపడింది. "పొట్ట ఒక్కటే పోతదా, మొత్తం పోతదా?"

బస్సు తియ్యమన్న బాబాయి. ఒక చేత్తో చొక్కా గుండీలు సర్దుకుంటున్నాడు.

"మిషన్ మీద నిలబెట్టి చూస్తరయ్యా. పప్పు, గుడ్డు తినకుంటే కండ సుత పోతది. నాకు పోయింది, డాక్టర్ మంచిగ తిట్టిండు."

"అయితే గుడ్డు తినాలె," అన్నాడు బాబాయి, చాలా గంభీరంగా.

సరిగ్గా అప్పుడే మల్లేశం గుడ్ల కూర గిన్నె మోసుకొచ్చాడు. నా పక్కన దించి, చెవిలో అన్నాడు. "గిదా సంగతి! నాలుగు ముద్దలకే లేస్తే నా వంట పాడయిందేమో అని నాలుగు రోజులు నిద్ర పట్టలేదమ్మా."

మిగిలిన బంతులు తృప్తిగా లేచాయి. రాజవ్వ వదినె కూడా మళ్ళీ కూర్చుంది. మూడోసారి బగారన్నం పెట్టించుకుంటుంటే నేను చూస్తున్నాను. నా చూపు కనిపెట్టింది.

"డాక్టర్ దగ్గరికి రేపు పోదాం వదినె. ఇయ్యాల మాత్రం నా పళ్ళెం దిక్కు చూడకు."

ముహూర్తం ఐదు నిమిషాల్లో దాటిపోతుందనగా ఉంగరాలు తొడిగించాం. శ్రావ్య నా కాళ్ళు మొక్కి, లేస్తూ నా చెవిలో, "రేపటి నుంచి నా పొడి డబ్బా వంటింట్లనే పెడ్త," అంది. సరే అన్నాను. సరే అనక ఏమంటాను?

కాబట్టి చదివే మీ అందరి సాక్షిగా ఒట్టు పెట్టుకుంటున్నాను. ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు, ఆకలి లేని కడుపుతో ఇంకొకరి కడుపుకు కొలత చెప్పను. శ్రావ్య పెళ్ళి నాటి నుంచే ఇది పాటిస్తున్నాను. మల్లేశం లెక్క కోసం వండిన వంట ముందు నా బదులు రాజవ్వ వదినెను కూర్చోబెట్టాం. ఆమె తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, "రాసుకో మల్లేశం, కిలోకి నలుగురు" అంది. పెళ్ళయ్యాక మిగిలిన అన్నం పంచితే మూడు రోజులు మా వాడకట్టులో ఒక్క ఇంట్లో కూడా పొయ్యి వెలగలేదు. నేను మాత్రం, నాలుగు ముద్దలు తిన్నాను.